దాలయ్య పైమట్టి

వంశధార ఒడ్డున దాలయ్య దున్నే మడి కింద రాజుల కాలం నాటి పట్నం ఉందంటూ తవ్వకాల వాళ్లు వచ్చినప్పుడు, ఆయన్ని ఎవరూ ఒక్క మాట అడగలేదు. ఆ మడి సుభద్రమ్మకు పుట్టింటివారు పసుపుకుంకుమల కింద ఇచ్చినది. ఆవిడ సంతకం పెట్టేసింది.

"గుళ్లున్న ఊరంట. ఆ సామిని బయటికి రానీ," అంది భర్తతో.

"నీ మడి, నీ సామి. నానెవుడ్నే, పాలేరునా?" అన్నాడు దాలయ్య. ఆనాటి నుంచి ఆవిడతో మాట మానేశాడు. పెట్టింది మాత్రం తినేవాడు.

ఇక గట్టు మీద కూర్చుని తవ్వేవాళ్లను తిట్టడమే పని. పని చేయించే విశాలి విజయనగరం పిల్ల. రోజూ రాగానే, "బాగున్నారా తాతా?" అని పలకరించేది.

"నువ్వెల్లిపోతే బాగుంటాను."

ఆ పిల్ల నొచ్చుకోలేదు. ఆయన మీద ఎండ పడకుండా గొడుగు పాతించింది. దాలయ్య దాన్ని పీకి అవతల పారేశాడు.

గోతిలో గోడ కింద గోడ బయటపడింది. దాని కింద బూడిద, ఇంకా కింద ఇసుక. రాయి తగిలినప్పుడల్లా సుభద్రమ్మ దణ్ణం పెట్టుకునేది. దాలయ్య చూపు మాత్రం పక్కన వేరుగా పోసిన నల్లటి కుప్ప మీదే. అది మడి పైనుండే జానెడు మట్టి. ఏళ్ల తరబడి పెంట తోలి, గొర్రెల మందలు కట్టించి ఆయన సాకిన మట్టి. అది అడుక్కి పోతే ఆ మడిలో ఇక వరి లేవదు.

జ్యేష్ఠం చివర మబ్బు పట్టింది. గొయ్యి పూడ్చెయ్యమని పైనుంచి కబురొచ్చింది. జేసీబీ వచ్చి, దగ్గరగా ఉంది కదా అని నల్లకుప్పనే ముందు నెట్టబోయింది.

"ఒరే, ఆపరా! అది కాదురా!"

డ్రైవరు నవ్వాడు. రోజూ తిట్టే ముసలాయన ఇవాళా తిడుతున్నాడనుకున్నాడు.

దాలయ్య గోతిలోకి దిగి కూర్చున్నాడు. "పొయ్యిరా, ఇప్పుడు పొయ్యి!"

విశాలి పరిగెత్తుకొచ్చింది. "ఏమైంది తాతా?"

"ఇటికముక్కలూ ఇసకా అడుక్కెల్లాల. నల్లమట్టి ఆకర్న. నేకపోతే నా వరి ఎక్కడ పండుతాది, నీ నెత్తి మీదా?"

"ముందే చెప్పొచ్చు కదా?"

"నన్నెవులడిగినారు?"

గట్టు మీద సుభద్రమ్మ తల దించుకుంది. విశాలి జేసీబీని ఇటుకల రాశి వైపు తిప్పించింది. గోతి ఆ చివర ఇటుకలు పడ్డాకే దాలయ్య లేచాడు. విశాలి చెయ్యి అందిస్తే పట్టుకోలేదు.

పైమట్టి దగ్గరికి వచ్చేసరికి, బండి తొక్కితే నేల గట్టిపడుతుందని గంపలతో పరిపించింది విశాలి. చివర్న చూసుకోవడానికి తనే వచ్చి, చెప్పులు గట్టున విప్పి, వట్టి కాళ్లతో మడిలో దిగింది. దాలయ్య అదీ చూశాడు.

"వానొచ్చేస్తాది, ఎల్లు," అన్నాడు. "మరింక ఈ పక్కకి రాకు."