కాంటా ముల్లు చూపిన అంకె

పన్నెండు వానాకాలాలుగా నేను ఒక అంకెను మోస్తున్నాను. ఎవరికీ చెప్పలేదు. నా భార్యకు కూడా. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీకు చెప్పగలుగుతున్నానేమో. గోదావరి నీళ్లు ఎర్రబడిన రోజు నాకు అన్నం సయించదు. ఇంట్లోవాళ్లు పైత్యం అనుకుంటారు. కాదు.

మహదేవపూర్‌లో నాకు మోటార్లు బాగుచేసే కొట్టు ఉంది. ఏడో తరగతితో బడి ఆగింది. మిగతా లెక్కంతా సొంతంగా నేర్చుకున్నదే. మోటారు వస్తే ముందు కొలుస్తాను, తర్వాతే పానా పడతాను. కొలతలను కొట్టు తలుపుకు లోపలివైపు రంగుతో రాస్తాను. పత్తి కాలంలో నన్ను కాంటా దగ్గర నిలబెట్టేవారు. మా దగ్గర పద్ధతి ఏమిటంటే, పత్తి కుక్కిన బోరెం సంచి కాంటాకు ఎక్కాక ఒక్కడే ముల్లు చూసి గట్టిగా అంకె పలుకుతాడు. అమ్మేవాడూ కొనేవాడూ ఆ గొంతును నమ్ముతారు. ఎవరూ వంగి చూడరు. చూస్తే పలికినవాడిని అవమానించినట్టు. చాలా ఏళ్లు ఆ గొంతు నాది. పత్తిలో ఒక్క కిలో అటూ ఇటూ చెప్పలేదు.

అబద్ధం చెప్పింది నది దగ్గర.

రాష్ట్రం కోసం జనమంతా రోడ్ల మీద ఉన్న రోజులవి. బస్సులు ఆగిపోయాయి. రేవుకు పోయే దారిలో శిబిరం వేశారు. అక్కడే వంటలు, అక్కడే పాటలు. నదిలో స్తంభాలు కట్టిస్తున్న ఒక కాంట్రాక్టరు, ఎవరైనా నీళ్లలో పడితే తీసుకురావడానికి రేవులో రెండు వాటర్ స్కూటర్లు ఉంచాడు. వాటిని నడిపేది సమ్మయ్య. చేపలు పట్టేవాడు. నాకంటే పదేళ్లు చిన్న, నన్ను అన్నా అని పిలిచేవాడు.

వరద తెచ్చిన చెత్తకు ఒక స్కూటరు ఆగిపోయింది. అది అడుగు నుంచి నీళ్లు పీల్చి వెనక్కి చిమ్ముతుంది, ఆ తోపుకే ముందుకు పోతుంది. పీల్చే దారిలోకి తెగిన వల, దాని సీసం గుళ్లు, పత్తికట్టె ముక్కలు, గులకరాళ్లు పోయాయి. విప్పి చూస్తే లోపలి మూడు రెక్కల అంచులూ కొరికినట్టు ఉన్నాయి. రెక్కల చుట్టూ ఉండే ఉంగరం లోతుగా చెక్కుకుపోయింది. ఉంగరం కొత్తది వేయాలని, అది హైదరాబాద్ నుంచి రావాలని నేనే మొదట చెప్పాను. నాకు తెలియక చేసింది కాదని మీకు తెలియడానికే ఇది రాస్తున్నాను.

కాంట్రాక్టరు తరఫు సూపర్‌వైజరు కోస్తా మనిషి. "సమ్మె అయ్యాక పంపిద్దాం లెండి," అన్నాడు. "మీవాళ్లకి బోరు మోటార్లంటే అలవాటు. దీన్నయితే... గిదేంది, గిట్లెందుకుంది అని చూస్తారంతే." మా మాటను సాగదీసి అన్నాడు. పక్కనున్న ఇద్దరు నవ్వారు.

శిబిరంలోంచి ఎవరో అరిచారు. "ఏందన్నా, ఊకుంటవేంది? మనోళ్లకు చేతగాదంటుండు!"

"నాలుగు దినాల్ల చేసిస్త," అన్నాను.

ముందు మంచి స్కూటరును కొలిచాను. రెక్కకూ ఉంగరానికీ మధ్య సందు మిల్లీమీటరులో మూడో వంతు కూడా లేదు. దాన్ని రేవులోని ఇనుప గుంజకు తాడుతో కట్టి, మధ్యలో పత్తి కాంటా తగిలించి, సగం వేగంలో నడిపించాను. నూట పది కిలోల బలంతో గుంజింది. తలుపు మీద 'మంచిది 110' అని రాశాను. పక్కన 'బాగుచేసింది' అని రాసి ఖాళీ వదిలాను.

చెడిన రెక్కల అంచులు ఆకురాయితో సాపు చేశాను. మూడూ సమంగా ఉండాలి కాబట్టి, ఎక్కువ దెబ్బతిన్నదానికి సరిపోయేలా మిగతా రెండింటినీ అరగదీశాను. ఉంగరం గీతలను గట్టిపడే జిగురుతో పూడ్చి నునుపు చేశాను. చూడ్డానికి కొత్తదే. సందు మాత్రం మిల్లీమీటరు దాటింది. పొలం మోటారైతే నేను పట్టించుకోను. సందు పెరిగితే నీళ్లు తగ్గుతాయి, మడి రెండు గంటలు ఆలస్యంగా తడుస్తుంది, రైతు నన్ను తిట్టుకుంటాడు, అంతే. నా చేతులకు అలవాటైన లెక్క అది. నది రెండు గంటలు ఆగదని నాకు తెలియదా? తెలుసు.

నాలుగో రోజు పొద్దున రేవు నిండా జనం. కొబ్బరికాయ కొట్టారు. సమ్మయ్య నది వైపు ముఖం పెట్టి స్కూటరు మీద కూర్చున్నాడు. నేను మోకాళ్ల లోతు నీళ్లలో కాంటా ముందు నిలబడ్డాను. ఇంజన్ హోరెత్తింది. తాడు బిగిసింది. ముల్లు కదిలి అరవై ఎనిమిది దగ్గర ఆగింది. ఇంకా పెరుగుతుందేమోనని చూశాను. పెరగలేదు. నూట పదికి అరవై ఎనిమిది. అంటే వందకు అరవై రెండు కూడా కాదు. ఆ భాగహారం నేను అక్కడే, ఆ నీళ్లలోనే చేశాను.

"ఎంతన్నా?"

"నూట ఏడు!"

నోరు జారిన మాట కాదది. నూట పది అంటే మరీ అతికినట్టు ఉంటుందని మూడు తగ్గించాను. అంత తీరిక ఉండింది నాకు.

డప్పులు మోగాయి. సూపర్‌వైజరు ప్యాంటు తడుస్తున్నా నీళ్లలోకి దిగివచ్చి నా చేయి పట్టుకున్నాడు. "తప్పుగా అన్నానండి. మనసులో పెట్టుకోకండి." అతనైనా వంగి ముల్లు చూసి ఉంటే! చూడలేదు. మా మర్యాద అతనికీ ఎవరో నేర్పినట్టున్నారు.

జనం పలచబడ్డాక సమ్మయ్య నా దగ్గరికి వచ్చాడు.

"అన్నా, జర గుంజుతలేదనిపిస్తుంది. ఊకె ఒర్రుతుంది గని ముందటికి దుంకుతలేదు."

"ఇయ్యాల్నే బిగిచ్చినం గద. అలవాటైతది."

"రెండోదాని లెక్క లేదే..."

"నూట ఏడు సూపెట్టింది తమ్మీ. కాంటా అబద్ధం చెప్తదా?"

నా ముఖంలోకి చూసి నవ్వాడు. "నువ్వు జెప్పినంక ఇగ ఏముంది తియ్యి."

రెండూ సమానమే కదా అని, మర్నాడు మంచి స్కూటరును ఎగువన ఇంకో పని దగ్గరికి తరలించారు. దాన్ని వ్యానుకు ఎక్కిస్తుంటే నేను శిబిరంలో చాయ్ తాగుతూ చూశాను. నోరు తెరవడానికి అదొక సమయం. చాయ్ పూర్తిగా తాగాను.

తొమ్మిదో రోజున ఎగువ వానలకు నది పెరిగింది. అవతలి ఒడ్డు నుంచి తొమ్మిదిమందితో వస్తున్న పడవకు నడిమధ్య ఇంజన్ ఆగింది. కట్టడంలో ఉన్న స్తంభాల వైపు, ఇనుప చువ్వల వైపు కొట్టుకుపోసాగింది. సమ్మయ్య వెళ్లాడు. పడవకు తాడు కట్టాడు. నేను ఒడ్డున ఉన్నాను. అదే హోరు. పడవా స్కూటరూ కలిసి నెమ్మదిగా వెనక్కి జారుతున్నాయి. చుట్టూ అందరూ అరుస్తున్నారు. నేను లోపల భాగహారం చేస్తూ నిలబడ్డాను. స్తంభాలు దగ్గరపడ్డాక సమ్మయ్య తాడు కోశాడు. కోయకపోతే అతనూ వాటికే కొట్టుకునేవాడు. పడవ తిరగబడింది. అతను మళ్లీ వెనక్కి వెళ్లి ముగ్గురిని లాగాడు. ఐదుగురు చువ్వలు పట్టుకుని బతికారు. బీడీలు చుట్టే మల్లక్క, కూతురిని చూసి వస్తున్న మల్లక్క, రెండు రోజుల తర్వాత దిగువన దొరికింది.

ఆ సాయంత్రమే మాట పుట్టింది. తాడు కోసిండు. పానం తీపికి కోసిండు.

విచారణకు వచ్చినవాళ్ల ముందు సమ్మయ్య ఒక్కటే చెప్పాడు. "మిషన్ గుంజలే సార్." వాళ్లు నా వైపు చూశారు. మల్లక్క కొడుకు చూశాడు. సమ్మయ్య కూడా చూశాడు, ఆశగా.

"నూట ఏడు గుంజింది," అన్నాను.

మొదటిసారి చెప్పినప్పుడు అప్పటికప్పుడు ఎవరికీ దెబ్బ తగలలేదు. రెండోసారి తగిలిందెవరికో నా ఎదురుగానే కనిపించింది. ఆ తర్వాత సమ్మయ్య రేవుకు రాలేదు. ఏడాది తిరగకముందే భార్యను తీసుకుని భివండీ మగ్గాలకు వెళ్లిపోయాడు. ఊళ్లో ఇప్పటికీ అతని పేరు 'తాడు కోసినోడు'.

రాష్ట్రం వచ్చిన రోజు నాకూ దండ వేశారు, మన పనితనం చూపించినవాడని. వద్దనలేదు. నేను రాష్ట్రం కోసమే అబద్ధమాడానా? ఆ శిబిరంలో ఎవరూ నన్ను అబద్ధం అడగలేదు. అరవై ఎనిమిది అని పలికి ఉంటే, పోనీ అన్నా, ఉంగరం తెప్పిద్దాం అనేవారు. మోటార్ సైకిల్ మీద ఎవరో ఒకరు పోయి తెచ్చేవారు. ఆ మాట అనిపించుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంత చిన్న కారణం. మంచి స్కూటరు ఉన్నా ఆ ప్రవాహంలో పడవ ఆగేదో లేదో అని ఎన్నోసార్లు లెక్క వేశాను. తెలియని అంకెలే ఎక్కువ. ఆగేది కాదేమో. ఈ 'ఏమో' కింద కొన్నేళ్లు తలదాచుకున్నాను. కానీ సమ్మయ్య విషయంలో ఏ 'ఏమో' లేదు. అతను నిజం చెప్పాడు. నాకు తెలుసు.

కొట్టుకు రెండుసార్లు రంగు వేయించాను. తలుపు లోపలివైపు మాత్రం ముట్టనివ్వలేదు. 'మంచిది 110' అలాగే ఉంది. దాని పక్కన 'బాగుచేసింది' ముందు ఖాళీ కూడా.

ఈ పొద్దున దాన్ని నింపాను. 68. ఎర్రరంగుతో, దూరం నుంచి కనిపించేంత పెద్దగా. తలుపును బార్లా తీసి రోడ్డు వైపు తిప్పి పెట్టాను. మల్లక్క కొడుకు మోటారు నా దగ్గరే ఉంది, పదింటికి వస్తానన్నాడు. అదేం అంకె అని అడుగుతాడు. ఏం చేస్తాడో తెలియదు. పలకడానికి నా గొంతులో ఇప్పుడు ఒక్క అంకే ఉంది.