మేరీరాణి చేసిన తొంగి

మూతపెట్టిన గిన్నె కనిపిస్తే మేరీరాణి చెయ్యి ఊరుకోదు. హౌరా పక్కన లిలువా రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి పెరిగిన పిల్ల. తండ్రి కూర్మయ్య వర్క్‌షాపులో ఫిట్టరు. తాతల కాలంలో పలాస వైపు నుంచి వచ్చిన కుటుంబం వాళ్లది. చిన్నప్పుడు పక్కింటి తలుపు ఓరగా తీసి ఉంటే చాలు, తల లోపల, కాళ్లు బయట. "పరాయోళ్ల ఇంట్లోకి తొంగి సూడకే" అని తల్లి అప్పమ్మ మొత్తుకునేది. వీధిలో బెంగాలీ, బడిలో హిందీ, ఇంట్లో తెలుగు. తిట్లు మాత్రం మూడు భాషల్లోనూ తిన్నది.

ఫిజిక్స్ చదివి, న్యూ టౌన్‌లో వానల్నీ వరదల్నీ లెక్కగట్టే చిన్న సంస్థలో చేరింది. పొద్దున్నే లోకల్లో హౌరా, మెట్రోలో సెక్టార్ ఫైవ్, ఆపైన ఆటో. అక్కడ పనంతా అర్రేలతోనే. అర్రే అంటే అంకెల దొంతర. బెంగాల్ పటాన్ని చిన్న చిన్న గడులుగా కోసి, గడికో వాన లెక్క రాసి, రోజుకో పటం చొప్పున ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు ఉంటుంది. ఇంట్లో ఫోన్లో "ఆ అర్రే తెరుచుకోలేదు, ఈ అర్రే మరీ పెద్దది" అని మాట్లాడుతుంటే అప్పమ్మ ఆగబట్టలేకపోయింది.

"ఏటే, ఆఫీసోళ్లని పట్టుకుని అర్రే అంటున్నావు?"

ఆఫీసులో అందరూ నోట్‌బుక్కుల్లో పని చేస్తారు. కోడు ముక్క రాస్తే దాని కిందే జవాబు కనిపించే పేజీలవి. అర్రేని చూపించమంటే ఆ పేజీ మొదటి మూడు అంకెలు, చివరి మూడు అంకెలు చూపించి, మధ్యలో చుక్కలు పెట్టి ఊరుకునేది. మిగతావాళ్లు ఆ చుక్కల్ని చూసీ చూడనట్టు వదిలేసేవాళ్లు. మేరీరాణికి ఒళ్లు మండేది. లోపల ఏముందో చూడాలంటే ప్రతిసారీ నాలుగు లైన్లు రాయాలి, చూశాక చెరపాలి.

ఆ ఏడు దుర్గాపూజ సెలవుల్లో సాయంత్రాలు పందిళ్లు తిరుగుతూ, పగళ్లు ఇంట్లో కూర్చుని, తను కోడు రాసుకునే ఎడిటర్‌కి ఒక ఎక్స్‌టెన్షన్ తయారుచేసుకుంది. అర్రే పేరు మీద మౌస్ పెడితే పక్కన ఒక కిటికీ తెరుచుకుంటుంది. ఎన్ని వరసలున్నాయి, అన్నిటికంటే చిన్న అంకె ఏది, పెద్దది ఏది, ఎన్ని గడులు ఖాళీ, అన్నీ చెప్పి కింద చిట్టి బొమ్మ కూడా గీసి పెడుతుంది. దానికి 'తొంగి' అని పేరు పెట్టింది. పేరు వినగానే టీము పెద్ద అనిర్బాన్‌దా, ఢాకా పక్కన టొంగీ అనే ఊళ్లో మీ చుట్టాలున్నారా అని అడిగాడు.

తొంగి మొదట అక్కరకొచ్చింది సాయిసుధకి. వరంగల్ నుంచి వచ్చి కొత్తగా చేరిన అమ్మాయి. కొండల్లో వాన పడినప్పుడల్లా తన లెక్క సుందరబన్‌లో పడ్డట్టు చెప్తోందని తల పట్టుకుని కూర్చుంది. మేరీరాణి ఆమె కంప్యూటర్‌లోకి తొంగిని ఎక్కించి మౌస్ పెట్టింది. బొమ్మ వచ్చింది. దార్జిలింగ్ అడుగున, సముద్రం నెత్తిన.

"గిదేందక్కా, బెంగాల్ శీర్షాసనం ఏసింది" అంది సాయిసుధ.

"ఫైలు చేసినవాళ్లు దక్షిణం నుంచి మొదలెట్టారు. నువ్వు ఉత్తరం నుంచి చదువుతున్నావు. అంతే."

ఒక్క లైన్‌తో బెంగాల్ కాళ్ల మీద నిలబడింది. ఆ ధైర్యంతో మేరీరాణి తొంగిని ఎవరైనా ఉచితంగా వాడుకునేలా నెట్‌లో పెట్టేసింది. వాడేవాళ్లు పెరిగారు. పెద్ద అర్రేలు తెరిస్తే ఎడిటర్ బిగుసుకుపోతోందని వాళ్లు రాశారు. సరేనని, అన్ని గడులూ చూడకుండా వందలో ఒకటి చూసి చెప్పేలా మార్చింది. తొంగి పరుగులు పెట్టింది. అందరూ మెచ్చుకున్నారు.

కొన్నాళ్లకి సాయిసుధ ముఖం చిన్నబుచ్చుకుని వచ్చింది. "అక్కా, ఖాళీలు సున్నా అని చెప్పింది తొంగి. నేను నమ్మిన. రిపోర్టు పంపేముందు చూస్తే జల్పాయ్‌గురి కాడ గడులు ఖాళీగ ఉన్నయ్."

మేరీరాణి చూసింది. తొంగి సరిగ్గా ఆ గడుల మీదుగా దూకేసి వెళ్లిపోయింది. తను తిట్టుకున్న చుక్కలే నయం. ఇక్కడ చూపించనిది కొంత ఉందని అవి ఒప్పుకున్నాయి. తొంగి చూడకుండానే అంతా బాగుందని చెప్పింది.

"చిన్న విషయం, రాణీ. వేగంగా ఉందనేగా వాడుతున్నారు. ఎవరూ గమనించరు" అన్నాడు అనిర్బాన్‌దా.

"గమనించరనేగా దాదా నా భయం."

రెండు వారాలు పట్టింది. ఇప్పుడు ఖాళీల లెక్క పక్కనే, ఇది వందలో ఒక గడి చూసి చెప్తున్న మాట అని స్పష్టంగా రాసి ఉంటుంది. మొత్తం చూడమనే బటన్ కూడా ఉంటుంది. అది నొక్కితే అర్రేని ముక్కలుముక్కలుగా తెచ్చుకుని, ఎడిటర్ బిగుసుకోకుండా, నిదానంగా అన్నీ లెక్కపెడుతుంది. ఆ హెచ్చరిక చూస్తే అనుమానం వస్తోందని కొందరు విసుక్కున్నారు. రావాలనే పెట్టానని ఆమె మర్యాదగా జవాబు రాసింది.

ఈ ఫిబ్రవరిలో బ్రహ్మపుత్ర మీద పనిచేసేవాళ్లు తొంగిని చూపించడానికి గువాహటి రమ్మని పిలిచారు. హౌరాలో సరాయ్‌ఘాట్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లింది. హాల్లో వెనక వరసలో ఉన్న ఒక పెద్దాయన లేచి, నా అర్రేని చూపించు చూద్దాం అని పెన్‌డ్రైవ్ అందించాడు. తెర మీద ఖాళీలు సున్నా అని వచ్చింది, పక్కనే ఆ హెచ్చరిక. ఆయన కళ్లద్దాలు సవరించుకుని, "అయితే మొత్తం చూడమను" అన్నాడు.

మేరీరాణి బటన్ నొక్కింది. తొంగి లెక్క పెడుతున్నంతసేపూ అందరూ టీ తాగారు. లెక్క వచ్చేసరికి ఖాళీలు కనిపించాయి, అన్నీ నది ఒకే వంపు దగ్గర. అక్కడి కొలత యంత్రం నిరుడు వరదలో కొట్టుకుపోయిందని అప్పుడు గుర్తుకొచ్చింది ఆయనకి. నవ్వుకుంటూ కుర్చీ లాక్కుని వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. సంచిలోంచి ఇంకో పెన్‌డ్రైవ్ తీశాడు.