అగ్గిపెట్టెల ఊరు

డెబ్బైల చివర, విశాఖలో మా హైస్కూలుకి చరిత్ర నమూనాల పోటీ వచ్చింది. అందరూ కోటల మీద పడ్డారు. నా స్నేహితురాలు మాత్రం తన ఊరి నమూనా కడతానంది. టౌన్‌లో పిన్నిగారింట్లో ఉండి చదువుకునేది. గాజువాక అవతల ఉన్న వాళ్ల ఊరు ఉక్కు ఫ్యాక్టరీ కిందికి పోతోంది. ఖాళీ చెయ్యమని కబురు కూడా వచ్చేసింది.

"పోటీలో ఎడితే మా ఊరు సరిత్రలో ఉంటాది గదే," అంది. తనకి కావలసింది అదొక్కటే. పోర్టు క్వార్టర్స్‌లో పెరిగిన నాకేమో మార్కుల యావ. కానీ ఆ పిల్ల మొండితనం ముందు నా తెలివి ఏనాడు నిలిచింది గనక!

ఆదివారం పొద్దున్నే బస్సెక్కి వెళ్లాం. వాళ్ల అరుగు మీద అట్ట పరిచి, అగ్గిపెట్టెలకి తాటాకు ముక్కలు అంటించి ఇళ్లు కడుతున్నాం. మైదా జిగురు ఆరకముందే ఊరంతా మూగింది. సర్వేవాళ్లు కొలతలు వేసుకెళ్లి ఎన్నాళ్లో కాలేదు. ఎవరేం గీసినా నష్టపరిహారం కట్టే సర్కారు లెక్కే అనుకుంటున్నారు పాపం.

"మా తాటిసెట్లు ఏయమ్మా? ఎయ్యనేదేటి?" అన్నాడొక ముసలాయన. "మా ఆవులసాల మరిసిపోనావు," అందింకొకావిడ. ఏళ్లుగా ఒకరితో ఒకరికి మాటల్లేని అన్నదమ్ములిద్దరు అట్ట మీద కంచె జరపమని మళ్లీ తగువుకి దిగారు. నేనైతే జిగురు గిన్నె వాళ్ల నెత్తిన బోర్లించేదాన్నే. తను మాత్రం ఒక్కొక్కరికీ ఓపిగ్గా చెప్పింది: "ఇది సర్వే కాదు తాతా, ఇస్కూలు పోటీకి. దీన్ని సూసి ఎవులూ ఏటీ ఇవ్వరు."

ముసలాయన అరుగు అంచున చతికిలబడ్డాడు. "అయితే ఏటయింది? ఉన్నయ్యి ఉన్నట్టు ఎయ్యమ్మా," అన్నాడు.

అంతే, అడిగినవన్నీ వేసింది. చీపురుపుల్లల తాటిచెట్లు, బంకమట్టి ఆవులు, ఎవరిదో గడ్డిమేటు కూడా. చోటు చాలక ఇళ్లని జరిపి జరిపి అంటించింది. అంత ఓర్పు నేను పెద్దవాళ్లలో కూడా చూడలేదు.

పోటీ రోజు, మార్కులు వేసే పెద్దాయన మా అట్ట ముందు ఆగాడు. "బాగుందమ్మా. కానీ చరిత్రంటే గడిచిపోయింది కదా? ఈ ఊరు ఇంకా ఉందిగా. దీన్ని పోటీలోకి ఎలా తీసుకోను?"

నేను తల దించేశాను. తను తల దించలేదు. "వచ్చే ఏడు మీరొచ్చి సూడండి సార్. ఉండదు."

ఆయన మా ఊరిని పోటీలోంచి తీసేయలేదు. ప్రైజు ఎవరి కోటకో వెళ్లింది లెండి, ఆ కోపం నాకింకా తగ్గలేదు. కానీ ఆయన అక్కడే వంగి, ఒక్కో ఇల్లూ ఎవరిదని అడిగాడు. తను చెబుతూ పోయింది.

"మరి మీ ఇల్లేది తల్లీ?"

"మాది ఎయ్యనేదండి. అందరివీ ఎట్టీసరికి జాగా సాల్లేదు."

పక్కనే కూర్చుని ప్రతి ఇంటికీ జిగురు పూసినదాన్ని, ఆ సంగతి నాకూ అప్పుడే తెలిసింది. అందరి ముందూ ఏడ్చేశాను.