మూడో పొయ్యిరాయి

జేసీబీ నడిపేవాణ్ణి నెమ్మదిగా తవ్వమనడం, ఆకలిగా ఉన్నవాణ్ణి మెతుకు మెతుకు ఏరుకుని తినమనడం ఒకటే. దోహాకు ఉత్తరాన, ఊళ్ళు పలచబడ్డ చోట, ఇళ్ళ ప్లాట్లు వేస్తున్నారు. పునాదులు పడేముందు పైమట్టి తీస్తుంటే పాతకాలపు వస్తువులేమైనా బయటపడతాయేమో చూడాలని రూలు. అలా చూసే మనిషి జోర్డాన్ నుంచి వచ్చిన ఒక మేడం. పొద్దున్నే దోహాలోని అల్ సద్ నుంచి కారులో వచ్చి నా జేసీబీ బకెట్ ముందు నిలబడేది. ఆ బకెట్‌కు పళ్ళు కూడా తీయించింది. చెయ్యి ఎత్తితే ఆగాలి. "శ్వయ్య, శ్వయ్య" అంటే ఇంకా నెమ్మదిగా గీకాలి. మాడిన గిన్నెను గరిటెతో గీకినట్టు ఎడారిని గీకుతున్నానని నాకు ఒళ్ళు మండేది.

ఇంటి దగ్గర మా ఆవిడకు మాత్రం ఈ పని తెగ నచ్చింది. మా ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే కాబట్టి, ఇన్నాళ్ళూ మా ఆయన దుబాయ్‌లో మట్టి తవ్వుతాడని చెప్పుకునేది. ఇప్పుడు రాజుల కాలం నాటివి తవ్వుతున్నాడని మహిళా సంఘంలో చాటింపు వేసింది. మీటింగు జరిగినప్పుడల్లా ఆడవాళ్ళు "ఏమక్కా, ఏమన్న దొరికిందా?" అని ఆటపట్టించేవారు. ఆ కోపమంతా ఫోన్లో నా మీదికి వచ్చేది.

"ఒక్క కుండపెంకన్న దొరకదా నీకు? నలుగుర్ల నా ఇజ్జత్ పోతున్నది. ఊర్ల ఉన్నప్పుడు గంతే. అందరి గడ్డపారలు, నిచ్చెనలు తెస్తివి గని ఒక్కటన్న మల్ల ఇచ్చినవా?"

గడ్డపారకూ దీనికీ ఏం సంబంధమని అడిగితే ఇంకో గంట వినాలి. అందుకని అడగలేదు.

ప్లాట్లలో ఆఖరి వరుస మిగిలింది. అది కూడా ఖాళీగా పోతే మేడం వేరే సైటుకు వెళ్ళిపోతుంది, నాకు నా పళ్ళ బకెట్ తిరిగి వస్తుంది. మా ఆవిడ ఇజ్జత్ మాత్రం రాదు.

ఆ వరుస చివర నడుమెత్తు రాతిగట్టు ఒకటి ఉంది. దాని పక్కన జానెడు ఇసుక గీకేసరికి నల్లటి రాళ్ళ తలలు కనిపించాయి. మేడం చెయ్యి ఎత్తకముందే మిషన్ ఆపి కిందికి దూకాను. మూడు రాళ్ళు, మధ్యలో మసి. పొయ్యి! ఆవిడ మోకాళ్ళ మీద కూర్చునేలోపే నేను ఇంటికి వాయిస్ మెసేజ్ పంపించేశాను. "దొరికిందే! పాతకాలపోళ్ళ పొయ్యి దొరికింది. మీ సంఘపోళ్ళకు చెప్పు!" ఆ రోజు వాళ్ళ మీటింగు కూడా.

మా ఫోర్‌మన్ హైదరాబాద్ మనిషి. వచ్చి వంగి చూశాడు. ఇసుకలోంచి వంకరపోయిన చెంచా ఒకటి పైకి తీశాడు.

"అరె భాయ్, ఇది నీ చెంచానే కదా! పోయిన చలికాలం ఫెన్సింగ్ పనికి వచ్చినప్పుడు చాయ్ ఈడ్నే పెట్టుకున్నం. యాద్ మర్చినవా?"

నిజమే. ఒక్క ఎండాకాలం గాలికి అంతా పూడిపోయింది. భూమి చీలి నన్ను మింగేస్తే బాగుండుననిపించింది, కానీ మింగినా మేడం గీకి బయటికి తీసేది. ఫోర్‌మన్ సగం అరబ్బీ, సగం హిందీ కలిపి సంగతి చెప్పగానే ఆవిడ నవ్వాపుకోలేక గట్టు మీద కూలబడింది. అప్పటికే జేబులో ఫోన్ మోగుతోంది. ఎత్తడానికి ధైర్యం చాలలేదు.

నవ్వడం అయ్యాక ఆవిడ కళ్ళు తుడుచుకుని, ఇక కానివ్వమన్నట్టు "యల్లా" అంది. పైన ఏమున్నా సరే, గట్టి నేల తగిలేదాకా చూడనిదే వదలదు. మా పొయ్యికి కూడా ఫోటో తీసింది. రాళ్ళు పక్కన పెట్టి, చిన్న తాపీతో గీకి, బ్రష్‌తో ఊడ్చింది. కింద బెత్తెడు శుభ్రమైన ఇసుక. దాని కింద మళ్ళీ బూడిద. అందులో గవ్వచిప్పలు, సూదుల్లాంటి చేపముళ్ళు. నేలలో గట్టిగా నాటుకుపోయి రెండు రాళ్ళు ఉన్నాయి. మూడోది ఉండాల్సిన చోట ఖాళీ గుంట.

మేడం నా మూడు రాళ్ళనూ ఒక్కొక్కటే తిప్పి చూసింది. ఒకదానికి ఒక పక్క మా చాయ్ మసి ఉంది, రెండో పక్క లోపలిదాకా కాలి ఎర్రబడి ఉంది. ఇది ఎక్కడిదని ఫోర్‌మన్ చేత అడిగించింది.

"ఈడ్నే సగం పూడి ఉంటే గుంజిన. చదునుగ ఉన్నదని," అన్నాను. తిడుతుందనే అనుకున్నాను. ఆవిడ మాత్రం ఇంత బయలు ఉండగా ఇక్కడే ఎందుకు పెట్టావని అడిగింది.

"గట్టు అడ్డమున్నది కద. ఉత్తరపు గాలి తగలది. మంట ఆరది."

ఫోర్‌మన్ ఆ మాట చెప్పగానే ఆవిడ మొహం వెలిగిపోయింది. వాళ్ళూ అందుకే ఇక్కడ పెట్టుకున్నారంది. ఎవరో, ఎన్నాళ్ళ కిందటివాళ్ళో పరీక్షలు చేస్తే గాని తెలియదట. ఎవరైతేనేం, నాలాగే గాలికి విసిగి ఈ గట్టు చాటుకు వచ్చి కూర్చున్నవాళ్ళే కదా! ఆ ఎడారిలో చుట్టాలు దొరికినంత సంతోషమేసింది నాకు.

ఫోటోలన్నీ అయ్యాక రాయి నా చేతికిచ్చి గుంట చూపించింది. పెట్టాను. కాస్త కూడా ఊగకుండా కూర్చుంది.

అప్పుడు వీడియో కాల్ చేశాను.

"ఎన్నిసార్లు చేసిన, ఎత్తవేందయ్యా? అందరు నా మొఖమే చూస్తున్రు!"

చెంచాతో సహా ఏదీ దాచకుండా చెప్పి, ఫోన్ కిందికి తిప్పాను. సంఘం ఆడవాళ్ళ తలలన్నీ ఆ చిన్న తెరలో ఇరుక్కున్నాయి. "అవ్వో, నిజంగనే పొయ్యే!" అంది ఒకామె. "చేపల పులుసు పెట్టుకున్నరు గావచ్చు," అంది ఇంకొకామె. మా ఆవిడ ఫోన్ లాక్కుంది.

"ఆళ్ళ రాయి అడగకుంట తెచ్చుకున్నవన్నట్టు."

"తెచ్చుకున్న."

"మల్ల ఇచ్చినవా?"

"ఇచ్చిన. దాని జాగల పెట్టిన."

ఆమె సంఘం వైపు తిరిగి, పెళ్ళినాటి నుంచీ నేను ఎన్నడూ వినని గర్వంతో అరిచింది.

"ఇన్నరా? మా ఆయిన ఒకళ్ళ సామాను తిరిగిచ్చిండు!"