బ్రేకు బిగించినవాడి చోటు

హ్యాంగర్‌లో అడుగు పెట్టగానే కిరోసిన్ వాసనా, వేడెక్కిన గ్రీజు వాసనా కలిసి ముక్కుకు తగులుతాయి. ఇన్నేళ్లుగా పీలుస్తున్నదే. అయినా ఏ విమానానికైనా బ్రేకులు మార్చి కాగితం మీద సంతకం పెట్టబోయే క్షణంలో, ఆ వాసన నన్ను విశాఖపట్నం రేవులోని క్రేన్ల షెడ్డుకి లాక్కుపోతుంది. అక్కడ మా బావ సన్యాసిరావు కనిపిస్తాడు. మా అక్క భర్త, క్రేన్ మెకానిక్. ఎంత తోమినా గోళ్లలోని నలుపు పోయేది కాదు, ఎంత కోపంలోనూ నోట్లోని వెటకారం పోయేది కాదు.

ఎనభైల మొదట్లో మాట. ఉక్కు కర్మాగారం కోసం మా పొలం పోయింది. బదులుగా ఇంటికొక ఉద్యోగమంటూ ఒక కార్డు చేతిలో పెట్టారు. నాన్న దాన్ని దేవుడి పటం వెనక దాచి, ఆ ఉద్యోగం నాదేనని తేల్చేశాడు. నాకేమో బుర్ర నిండా విమానాలు. కూర్మన్నపాలెం మీదుగా నౌకాదళం విమానం వెళ్తుంటే అన్నం ముందునుంచి లేచి పరిగెత్తేవాణ్ణి. మద్రాసులో విమానాల మెయింటెనెన్స్ ఇంజనీరింగ్ కోర్సులో సీటొచ్చిందన్న ఉత్తరం అందిన రోజు వీధి వీధంతా గంతులేశాను. అందులోని ఫీజు చదివాక ఇంట్లోవాళ్లు చతికిలపడ్డారు.

నాన్న బావకి కబురు పెట్టాడు. నాకు బుద్ధి చెబుతాడని ఆయన ఆశ. బావ వచ్చి వరసగా అడిగాడు. నాలుగేళ్ల ఫీజు, హాస్టలు, ఆ తర్వాత లైసెన్సు పరీక్షలు. అవన్నీ గట్టెక్కినా, ఉద్యోగమిచ్చే విమాన కంపెనీలు దేశంలో ఎన్నున్నాయన్నాడు. లెక్కపెడితే ఒక చేతి వేళ్లు కూడా నిండలేదు. కార్డు ఉద్యోగమైతే చేరిన నెలనుంచే జీతం, ఉండడానికి క్వార్టరు.

“లెక్కలో కార్డే నెగ్గిందిరా బామ్మర్దీ. నీ కాడ ఇంకేటుంది?” అన్నాడు.

ఇంజనీరు సంతకం లేనిదే విమానం నేల విడవదని, ఆ సంతకం నాది కావాలని చెప్పాను. వెక్కిరిస్తాడనుకున్నాను. ఆదివారం షెడ్డుకి రమ్మన్నాడు.

ఆ షెడ్డులో ఒక ఆనవాయితీ ఉండేది. బాగుచేసిన క్రేను మొదటిసారి బరువెత్తుతుంటే, దాని బ్రేకు బిగించినవాడే ఆ బరువు కింద నిలబడాలి. ఏ రూల్సు పుస్తకంలోనూ లేదది, ఉండకూడదు కూడా. ఆ ఆదివారం ఒక చిన్న క్రేనుకి బ్రేకు నట్లు నా చేత బిగింపించాడు బావ. హుక్కుకి ఇనుప దిమ్మ తగిలించి, పైకి లేపించి, “ఎల్లి నిలబడు” అన్నాడు.

రెండడుగులు వేశాను. మూడోది పడలేదు. చుట్టూ ఉన్న పనివాళ్లు నన్నే చూస్తున్నారు. సిగ్గుతో చచ్చిపోతూ, “ఒక్కపాలి ఎక్కి సూసొత్తాను బావా” అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. బావ దిమ్మని దింపించాడు. పైకెక్కి చూస్తే, నట్టు ఊడకుండా గుచ్చాల్సిన పిన్నుల్లో ఒకటి లేదు. అది నా చొక్కా జేబులోనే ఉంది. దాన్ని గుచ్చి దిగొచ్చాను. దిమ్మ మళ్లీ పైకి లేచింది. ఈసారి ఆగకుండా దాని కిందకి నడవబోయాను. బావ నా కాలరు పట్టుకుని వెనక్కి లాగాడు.

“నువ్వొద్దు. నీ పని కింద నాను నిలబడతాను,” అని వెళ్లి నిలబడి, తాపీగా చుట్ట వెలిగించాడు. ఆ చుట్ట అయ్యేదాకా నేను బ్రేకు మీంచి చూపు తిప్పలేదు. పిన్ను సంగతి ఆయన ముందే చూశాడో లేదో నాకెప్పుడూ చెప్పలేదు.

ఆ సాయంత్రమే నన్ను మద్రాసు పంపమని నాన్నతో చెప్పాడు. చేతికొచ్చిన ఉద్యోగం వదులుకోమంటావా అని నాన్న మండిపడ్డాడు.

“ఎవులొదులుకోమన్నారు మావా? కార్డు ఇంటికిచ్చారు గానీ ఈడికిచ్చారేటి? నూకరత్నం పది పాసయింది గదా.”

నూకరత్నం మా చెల్లి. ఆడపిల్లని ఇనుము దగ్గరకి పంపడమేమిటని నాన్న ఇంకా అంటూనే ఉన్నాడు, అది వంటింట్లోంచి వచ్చి, “నానెల్తాను నాన్నా. నన్నెవులూ అడగనేదు గానీ,” అంది. దాన్ని అడగాలని ఎవరికీ తట్టనేలేదు, నాకు కూడా. ఆ మాట రాస్తుంటే ఇప్పటికీ తల వంగిపోతుంది. దాని జీతంతోనే నా చదువు సాగింది.

లైసెన్సు చేతికొచ్చాక నేను తొలి సంతకం పెట్టిన విమానాన్ని పరీక్షగా ఎగరేస్తున్నారంటే, ఎవరూ అడగకపోయినా వెళ్లి ఎక్కి కూర్చున్నాను. చక్రాలు నేల విడిచినప్పుడు సంతోషంతో గట్టిగా అరిచానట, పైలట్ చెప్పాడు.

బావ ఇప్పుడు లేడు. సంతకం పెట్టే ముందు నేను చొక్కా జేబు తడుముకోవడం చూసి కుర్ర ఇంజనీర్లు పెన్ను మరిచిపోయాననుకుంటారు. ఆ జేబులో నేను పెన్ను కూడా పెట్టుకోను. అది ఖాళీగా ఉందని తెలిశాక, పెన్ను వాళ్లనే అడిగి తీసుకుంటాను.