గోడకు అవతల సలోమి టీచర్

పదేళ్ళు కావొస్తోంది, ఒక మాట నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు అక్కర్లేదు. ఆ వీలు ఉంది కాబట్టే మీతో చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు చెప్పే ధైర్యమే ఉంటే ఇన్నేళ్ళు తేలు కుట్టిన దొంగలా తిరిగేవాణ్ణి కాదు.

ముందే చెప్పేస్తాను. నా వల్ల ఒక మంచి మనిషి పేరు పాడైంది. పాడుచేసిన రోజున నేను చెప్పింది నిజం కాదని నాకు తెలియదు. మర్నాడు తెలిసింది. తెలిశాక కూడా నోరు మూసుకున్నాను. మొదటిదాన్ని పొరపాటు అనుకోవచ్చు. మరి రెండోదాన్ని ఏమనాలి? దానికి కూడా పొరపాటనే పేరు పెట్టాలని చాలాసార్లు చూశాను. అతకలేదు.

మాది ఉదయగిరి. ఆత్మకూరు దగ్గర ఒక కాలేజీలో పాఠాలు చెబుతూ, రోజూ బస్సులో పోయి వస్తూ, పీహెచ్‌డీ చేసేవాణ్ణి. నా పరిశోధన ఫోన్ల మీద. ఫోనుకు చుట్టుపక్కల వైఫై పెట్టెల్లో దేని సిగ్నలు ఎంత గట్టిగా అందుతోందో చూసి, ఆ ఫోను పట్టుకున్న మనిషి ఎక్కడున్నాడో చెప్పడం. ఉపగ్రహాలు వీధి వరకు చెబుతాయి. గడప లోపల ఏ గదిలో ఉన్నాడో వాటికి సరిగా అందదు. అది నేను చెబుతానన్నాను. ఆత్మకూరు బస్టాండులో, ఉదయగిరి బజారులో కొన్ని కొట్లలో అరచేయంత పెట్టెలు పెట్టాను. బస్టాండు పెట్టె దగ్గరికి వస్తే మన బస్సు ఎక్కడ ఆగి ఉందో ఫోను చెప్పేది. మందుల షాపు దగ్గరికి వస్తే డాక్టరు ఉన్నాడో లేడో చెప్పేది. జనానికి నచ్చింది. బదులుగా, నా లెక్క సరిపోయిందో లేదో చూసుకోవడానికి, వాళ్ళ ఫోన్లు ఎప్పుడెక్కడున్నాయో నా కంప్యూటరుకు చేరేది.

ఆ మాట అందరికీ చెప్పే ఒప్పించాను. పేర్లుండవు, నంబర్లే ఉంటాయి, ఏ నంబరు ఎవరిదో నాకు తప్ప ఎవరికీ తెలియదు అని మాటిచ్చాను. మొదట సరేనన్నది సలోమి టీచర్. బళ్ళో పంతులమ్మ. భర్త పోయి చాలా ఏళ్ళైంది. మా చర్చిలో సండేస్కూలు ఆమెదే. చిన్నప్పుడు నాకు వాక్యాలు వల్లె వేయించింది, తప్పుపోతే చెవి మెలిపెట్టింది, ఒప్పజెబితే బెల్లంముక్క పెట్టింది. ఫోను నా చేతికిచ్చి, ఏం చేసుకుంటావో చేసుకోమంది. ఏమిటి, ఎందుకు అని అడగలేదు. నేను చేస్తున్నానంటే ఆమెకు అది చాలు.

మా మేనమామ చర్చిలో పెద్ద డీకను, అంటే పాస్టరు అయ్యగారి తర్వాతి పెద్ద. నోరున్న మనిషి. నా చదువు ఏళ్ళ తరబడి సాగడం ఆయనకు పెద్ద వేడుక. ఆ ఆదివారం ఆరాధన అయ్యాక ఆయన ఇంటి అరుగు మీద టీ తాగుతున్నాం. ఇంకో ఇద్దరు సంఘ పెద్దలు కూడా ఉన్నారు. నీతోపాటు బళ్ళో చేరినోళ్ళ పిల్లోళ్ళు పది పాసయినారు, నువ్వింకా సదవతానే ఉండావేందిరా అన్నాడు మామ. ముగ్గురూ నవ్వారు. నాకు ఒళ్ళు మండింది. ల్యాప్‌టాప్ తీసి చూపించాను. ఉదయగిరి బజారు, కొట్లు, వాటి మీద చుక్కలు. ఒక్కో చుక్క ఒక్కో ఫోను.

మామ కళ్ళజోడు సవరించుకుని చూశాడు. చెక్క గరిటెలు చేసే మస్తాన్ కొట్టు మీద రెండు చుక్కలున్నాయి. రోజులు మార్చి చూపించినా సాయంత్రమయ్యేసరికి ఆ రెండూ అక్కడే ఉంటున్నాయి. ఒకటి మస్తాన్‌దని చెప్పాను. కొట్టు ఆయనదే కదా, అందులో దాపరికమేముంది అనుకున్నాను. రెండోది ఎవరిదిరా అన్నాడు మామ.

నోరు జారిందని చెప్పుకుంటే నాకు హాయిగా ఉంటుంది. కాని జారలేదు. అప్పటిదాకా నవ్విన ముగ్గురు పెద్దమనుషులు నవ్వు మాని నా మొహంలోకి చూస్తున్నారు. ఆ చూపు కోసం నేను ఎన్నేళ్ళు మొహం వాచి ఉన్నానో నాకే తెలుసు. ఇచ్చిన మాట గుర్తుంది. గుర్తుండే, సలోమి టీచర్‌దని చెప్పాను.

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మా ఉదయగిరికి పృథివి దాకా అక్కర్లేదు. ఆ సాయంత్రానికే నీళ్ళ ట్యాంకు దగ్గర ఆడవాళ్ళు మాట్లాడుకుంటున్నారని మా అమ్మ చెప్పింది.

మర్నాడు ఆత్మకూరు బస్సులో కూర్చున్నాను. ఉదయగిరి కొండ కనుమరుగయ్యాక, ఏదో ఆలోచిస్తూ ఉండగా, ఒక్కసారి గుర్తొచ్చింది. మస్తాన్ కొట్టులో పెట్టె నేను మొదట పెట్టిన చోట లేదు. వీధివైపు గుమ్మం పక్కన పెట్టాను. కొన్నాళ్ళకు, చెక్క నునుపుచేసే మిషనుకు ఆ ప్లగ్గు కావాలని మస్తాన్ అడిగితే, పెట్టెను లోపలికి తీసుకుపోయి వెనక గోడకు మేకు కొట్టి తగిలించాను. కంప్యూటరులో మాత్రం దాని చోటు మార్చలేదు. రేపు మారుద్దాంలే అనుకున్నాను. పెట్టె గుమ్మం దగ్గరుందనుకుంటే, సిగ్నలు అంత గట్టిగా అందడానికి ఆ ఫోను కొట్టు లోపలే ఉండాలి. వెనక గోడకు ఉందంటే, గోడ అవతల ఉన్నా చాలు.

గోడ అవతల సలోమి టీచర్ ఇల్లు.

అది ఎవరికీ తట్టలేదా అని మీరు అడగొచ్చు. మా ఊళ్ళో ఇల్లంటే వాకిలి. వాకిలి ఏ వీధిలో ఉంటే మనిషి ఆ వీధి మనిషి. మస్తాన్ బజారు వీధి. టీచర్ చర్చి వీధి. ఒకరి గుమ్మం నుంచి ఇంకొకరి గుమ్మానికి పోవాలంటే మసీదు మలుపు దాకా నడిచి చుట్టు తిరిగి రావాలి. రెండిళ్ళ వీపులూ ఆనుకుని ఉన్నాయని ఎవరూ ఆలోచించలేదు. ఆలోచించినా, పెట్టె గుమ్మం దగ్గరే ఉందని నేనే చెప్పి ఉన్నాను. అంటే ఏమిటి? ఆ సాయంత్రాలన్నీ ఆమె తన ఇంట్లో, తన గోడ పక్కన, పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ కూర్చుని ఉంది. నేరం అదే.

ఆ బస్సు దిగి తిరుగు బస్సెక్కి మామతో చెప్పి ఉంటే అంతటితో పోయేది. సంఘం ఇంకా కూడలేదు. చెప్పలేదు. థీసిస్ ఇవ్వాల్సిన గడువు దగ్గర పడింది. గడప లోపలి మనిషిని కనిపెట్టాననడానికి నా దగ్గరున్న రుజువంతా ఉదయగిరి బజారే. అందులో ఒక పెట్టె చోటు తప్పని ఒప్పుకుంటే మా గైడు మొత్తం మళ్ళీ చెయ్యమంటాడు. ఇంకో ఏడాది. మళ్ళీ అరుగు మీద నవ్వులు. తక్కెడలో ఒక పక్క ఆ నవ్వులు, ఇంకో పక్క నాకు వాక్యం నేర్పిన మనిషి. ఏ పక్క మొగ్గిందో చెప్పాలా?

ఆ వారంలోనే ఆమె నాకోసం ఆత్మకూరు వచ్చింది. ఊళ్ళో అడిగితే నాకు ఇబ్బందని అంత దూరం వచ్చింది. నాకు ఇబ్బందని! బస్టాండులో సిమెంటు బల్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది. చిన్నప్పుడు నేను లేచేవాణ్ణి.

"అబ్బయా, నీ ఫోనులో ఏముండాదో నాకు తెలీదు. నేను ఆ కొట్టు గడప తొక్కలేదు," అంది. "ఆయన కొయ్య కోసే చప్పుడు నా గోడకు ఇనపడతాది. ఆయనకూ నాకూ ఉండే సంబంధం అంతే."

నేను బస్సుల వైపు చూశాను.

"నీ మిషను తప్పు చెప్పుండొచ్చు గదా? అయ్యగారి ముందర ఆ ఒక్క మాట చెప్పు నాయనా. ఇంకేం వద్దు."

"మిషను అబద్ధం చెప్పదు టీచర్," అన్నాను.

ఆమె కాసేపు నా మొహం చూసింది. చెవి మెలిపెట్టినా బాగుండేది.

"మిషను సంగతి కాదురా. నువ్వు చెప్తావా, చెప్పవా?"

బస్సుకు టైమైందని అన్నాను. సాయంత్రం దాకా నేను ఎక్కాల్సిన బస్సు ఏదీ లేదు. ఎదురుగా ఆగి ఉన్నది ఆమె ఎక్కాల్సిన బస్సు. ఆమె చీర కొంగు భుజం మీదికి లాక్కుని ఎక్కేసింది. తర్వాత ఇప్పటిదాకా నాతో ఒక్క మాట మాట్లాడలేదు.

సంఘం కూడింది. ఆమెకు బల్ల ఆపేశారు. తెలియనివాళ్ళకు చెబుతాను. నెలకో ఆదివారం రొట్టెముక్క, ద్రాక్షరసం అందరికీ పంచుతారు. మా వాళ్ళకు అంతకంటే పెద్దది లేదు. తప్పు చేశాడనుకున్నవాడికి అది ఇవ్వరు. సండేస్కూలు కూడా తీసేశారు. మస్తాన్ కొట్టు ఖాళీ చేసి వేరే వీధికి పోయాడు. ఆయన భార్య కొన్నాళ్ళు పుట్టింట్లో ఉందని విన్నాను. అయితే మా సంఘంలో ఒక దారి ఉంది. తప్పు చేసిన మనిషి అందరి ముందూ నిలబడి ఒప్పుకుంటే, ఆ రోజే చెయ్యి పట్టుకుని మళ్ళీ బల్లకు చేర్చుకుంటారు. ఒక్క మాట అంటే చాలు. ఆమె అనలేదు. చెయ్యనిది చేశానని దేవుడి ముందు ఎట్ల చెప్పేది అందట. ఆమెకు పొగరన్నారు. మామే అన్నాడు. నేను పక్కనే ఉన్నాను.

నాకు డాక్టరేటు వచ్చింది. అదే చర్చిలో నాకు శాలువా కప్పారు. ఆమె ఆడవాళ్ళ వైపు చివరి బెంచీలో కూర్చుని ఉంది. చప్పట్లు కొట్టిందో లేదో నేను చూడలేదు. చూడకుండా జాగ్రత్తపడ్డాను.

మామ పోయాక ఆయన చోటు నాకిచ్చారు. ఇప్పుడు రొట్టె పళ్ళెం పట్టుకుని బెంచీ బెంచీకీ తిరిగేది నేనే. చివరి బెంచీ దగ్గరికి వెళ్ళినప్పుడు ఆమె మోకాళ్ళు పక్కకు జరిపి నాకు దారిస్తుంది. నేను ఆమెను దాటి పక్క మనిషికి పళ్ళెం అందిస్తాను. ఒప్పుకోవాల్సింది ఏమీ లేని మనిషిని ఇన్నేళ్ళుగా ఒప్పుకోమంటున్నారు. ఒప్పుకోవాల్సినవాడు రొట్టె పంచుతున్నాడు. పంచాక నేనూ తింటాను. అది గొంతు దిగుతుందా అంటే, దిగుతుంది. మొదట్లో కష్టమయ్యేది. మనిషి దేనికైనా అలవాటు పడతాడు, ఆ సంగతే నాకు అసహ్యం.

కొత్తగా వచ్చిన అయ్యగారు మెత్తని మనిషి. ఆమె పెద్దదైపోతోందని, బల్ల లేకుండా కన్ను మూస్తుందేమోనని ఆయన బాధ. పోయిన వారం నన్ను పిలిచి, మీరు ఆమె శిష్యులు, చదువుకున్నవాళ్ళు, మీ మాట వింటుంది, వెళ్ళి ఒప్పుకోమని నచ్చజెప్పండి అన్నారు. సరేనన్నాను. చర్చి వీధిలో ఆమె వాకిలి దాకా వెళ్ళాను. లోపల ఎవరికో లెక్క చెబుతోంది. ఎవరో పిల్ల తప్పు చెబితే, మళ్ళా చెప్పు తల్లీ అంటోంది. అయిదు నిమిషాలు నిలబడి వెనక్కి వచ్చేశాను. అయ్యగారితో, అడిగానండీ, ఒప్పుకోవడం లేదు అని చెప్పాను.

చూశారా? పదేళ్ళ క్రితం చేసినదాన్ని చిన్నతనం అనుకునేవాణ్ణి. పోయిన వారానికి ఏ వంక పెట్టను?

అందుకని ఇక్కడ రాస్తున్నాను. సలోమి టీచర్ ఆ కొట్టులోకి పోలేదు. పెట్టెను వెనక గోడకు మార్చింది నేను. మర్నాడే నాకు తెలుసు. తెలిసీ ఆమె మొహం మీద అబద్ధం చెప్పాను. ఇన్నేళ్ళూ చెబుతూనే ఉన్నాను.

రాశాక గుండె కాస్త తేలికైంది. అది చెప్పుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది, ఎందుకంటే తేలికైంది నాకు, ఆమెకు కాదు. వచ్చే ఆదివారం బల్ల ఉంది.