వైరు మీద రెండు దెబ్బలు

నమ్మితే నమ్మండి, లేదా టీ తాగిన మట్టికప్పు పారేసి లేచిపోండి. అమ్మతోడు... విన్నది విన్నట్టే చెప్తున్నాను.

మా బావ సముద్రాన్ని కొలిచే ఓడలో పనిచేసేవాడు. కలకత్తా రేవు పక్కన వాట్‌గంజ్‌లో మా పక్క గదే వాళ్ళది. ఇనప వైరుకి పరికరం కట్టి, వించ్ తిప్పుతూ నీళ్ళలోకి దించడం ఆయన పని. దించే ముందు పానాతో వైరు మీద రెండు దెబ్బలు కొట్టేవాడు. టక్... టక్. "గంగమ్మ తల్లీ, వస్తన్నామమ్మా" అనేవాడు. ఓడంతా నవ్వేది.

పోయినేడు అండమాన్ దగ్గర, గాలి లేని రాత్రి. నీళ్ళు పళ్ళెంలో పోసినట్టున్నాయి. దించిన వైరు ఉన్నట్టుండి పక్కకి లాగేసింది. బావని కొట్టింది. నీళ్ళలో పడ్డాడు. శవం దొరకలేదు. ఓడవాళ్ళు ఏం తేల్చారో తెలుసా? సముద్రం నిలకడగా ఉంది కాబట్టి మనిషే తాగి పడ్డాడట! జన్మలో చుక్క ముట్టని మనిషి. ఆయన్ని కట్టుకున్న మా అక్క, మా అప్ప ముఖం మీదే అన్నారు ఆ మాట. చచ్చినవాడు లేచొచ్చి కాదనడు కదా.

ఆయన పనిలో నన్నే పెట్టుకున్నారు. వెళ్ళాను. రెండిళ్ళు గడవాలి మరి.

కొన్ని నెలలకి ఓడ మన శ్రీకాకుళం వైపు వచ్చింది. ఆ రాత్రీ గాలి లేదు. సముద్రం చదువుకున్న బెంగాలీ అమ్మాయి ఒకామె ఉంది, దీదీ అంటాం. కంప్యూటరు తెర చూసి, "దాదా, కింద సుడి ఉంది" అంది. పైకి ఏమీ కనపడదట. దీవుల మొనలకి ఒరుసుకుని లోపలి నీళ్ళు మెలితిరిగితే పుడుతుందట. పుట్టినచోటి నీళ్ళని కడుపులో పెట్టుకుని నెలల తరబడి పడమటికి నడుస్తుందట.

"ఉప్పు, వేడి చూస్తే ఇవి అండమాన్ నీళ్ళే" అంది.

నా చేతులాగిపోయాయి. "పైన నిలకడగా ఉన్నా, వైరుని లాగేస్తుందా?"

"లాగుతుంది."

"ఆ మాటే ఓడ పెద్దవాళ్ళకి చెప్పు దీదీ."

"చెప్పాను దాదా. వినలేదు."

వించ్ ఆపేశాను... వైరు మీద చెయ్యి వేశాను. తడిగా, చల్లగా ఉంది...

టక్...

ఊపిరి బిగబట్టాను.

టక్.

కింద నుంచి! అరచేతికి తెలిసింది. పానా నా నడుముకే ఉంది. దీదీ ముఖం పాలిపోయింది. తర్వాత తనే, వైరు బిగిసి వదులై ఉంటుందిలే, అంది. అయ్యుండొచ్చు. మరి రెండే ఎందుకు?

తిరిగొచ్చి అప్పకి చెప్పాను. తను ఇప్పటికీ బొట్టు తియ్యలేదు.

"ఏటిరా, మనూరేపే వస్తన్నాడేటి?"

"అలాగే ఉందప్పా."

"ఒడ్డుకి చేరతాడా?"

దీదీ అదీ చెప్పింది. సుడి అంచుల్లోంచి కొంచెం కొంచెంగా కరుగుతుంది. తీరం దగ్గర నీటి అడుగున మెట్టకి తగిలితే ముక్కలైపోతుంది. ఆ పైన ఏ నీళ్ళు ఎక్కడివో ఎవరూ చెప్పలేరు.

"చేరతాడప్పా" అన్నాను.

ఇప్పుడు నేనే కొడుతున్నాను ఆ రెండు దెబ్బలు. ఓడలో ఎవరూ నవ్వరు. కింద నుంచి మళ్ళీ ఏమీ రాలేదు. అది బావో, ఉత్త ఇనుమో... నాకు తెలీదు. ఓడ రేవుకి చేరిన ప్రతిసారీ అప్ప గుమ్మంలోనే నిలబడి ఉంటుంది. నా చేతిలో సంచీ అయినా దించుకోనివ్వదు.

"ఈసారైనా కొట్టినాడేట్రా?"